విమాన సమయం అంటే ఎన్నింటికా, ఎంతసేపా?

ఒక్క మాట వల్ల మొన్న మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, చెల్లి లండన్‌లో. నాన్నని పొద్దున పదింటి ఫ్లైట్‌కి హీత్రూ పంపాలి. ఏడు దాటినా ఆయన తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నారు. ఏంటి నాన్నా ఇది అంటే, సబ్బు నురగ చేత్తోనే ఫోన్ చూపించారు. దాన్లో తెలుగులో ‘దూరం 655 కి.మీ., విమాన సమయం 1:40’ అని ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి కదా, ఎందుకురా నీకంత టెన్షన్ అన్నారు! ఎలాగో పరుగులు పెట్టి ఎక్కించాం అనుకోండి. కానీ ఆయన తప్పేముంది, బస్సు సమయం, రైలు సమయం అంటే ఎన్నింటికి బయల్దేరుతుందనేగా మనకి అర్థం. అక్కడ ఏం రాసుండాల్సింది?

— ‘ప్రయాణ వ్యవధి’ అనాలండి. అందరికీ తెలిసిన మాటే.

— తెలిసిందే గానీ, మా ఊళ్లో ‘వ్యవధి లేదు’ అంటే టైమ్ చాలదని. పైగా టీ కొట్టు దగ్గర ఎవరైనా ‘హైదరాబాద్‌కి వ్యవధి ఎంత’ అని అడగ్గా విన్నారా? ‘ఎంతసేపు పడుతుంది’ అంటారు. ఎన్నింటికి అన్నది గడియారం లెక్క, ఎంతసేపు అన్నది కూర్చున్నవాడి లెక్క. ఇంగ్లీషువాళ్లు టైమ్ అనే ఒక్క మాటతో రెండూ నెట్టుకొస్తారు, మనకా అవసరం లేదు.

— గడియారం అంటే గుర్తొచ్చింది. నాన్న దిగగానే ఫోన్ చేసి ‘నలభై నిమిషాల్లో దించేశాడురా’ అన్నారు. లండన్ గడియారం ఇక్కడికన్నా గంట వెనక కదా, పదింటికి ఎక్కితే పదీ నలభైకి దిగినట్టు కనిపిస్తుంది. తిరుగు టికెట్ చూస్తే రెండున్నర గంటలు దాటినట్టుంటుంది. కూర్చునేది మాత్రం ఎటైనా ఇంచుమించు గంటా నలభై నిమిషాలే.

— ఆ గంటా నలభైలోనూ అంతా ఎగరడం కాదండీ. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క. హీత్రూ దగ్గర రద్దీగా ఉంటే దిగే వంతు వచ్చేదాకా పైన చక్కర్లు కొట్టిస్తారు, అదీ అందులోదే. 655 కూడా భూమ్మీద రెండు చోట్లకీ అతి దగ్గరి గీత కొలత, విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు.

— స్కాట్లాండ్ పైన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కి.మీ. విమానం ఉంది, రికార్డు 53 సెకన్లు. దాదాపు మన పాతకాలపు కొలతలో ఒక కోసు దూరం. కోసుకి మూలమైన క్రోశం అంటే అసలు అరుపనే, ఆక్రోశంలో ఉన్నది అదే. కేక వినపడే దూరానికి విమానం! దానికి ‘సేపు’ అనడం కూడా ఎక్కువే.

— సేపుతో ఒక చిక్కుంది. గంటసేపు, కాసేపు, చాలాసేపు అంటాం, రెండు రోజులసేపు అనం, అక్కడ ‘పాటు’ కావాలి. ముందు ఇంకో నామవాచకం తగిలించి ‘విమానసేపు’ అనీ అనలేం. అందుకే బోర్డు రాసేవాడు వ్యవధి పట్టుకుంటాడు.

— అయితే మాట అతికించకుండా ప్రశ్నగానే రాస్తే? ‘ఎంతసేపు: 1 గం. 40 ని.’ అని రాసి నాన్నకి పంపాను. ‘ఇలా ఉంటే గడ్డం లండన్‌లోనే గీసుకునేవాణ్ణి’ అని జవాబు.