పాత 800లో లైట్లు మినుకుమినుకు: డైనమోనా, ఎర్తా?

మర్రిపాలెం 800
మాది 2004 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే ఇంజన్). నాన్నగారి కారు, ఇప్పుడు నా చేతిలో ఉంది. నెల రోజులుగా రాత్రిపూట ఒకటే తంతు. వైజాగ్ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు సన్నబడి మినుకుమినుకుమంటాయి. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే సర్దుకుంటాయి. కుడి ఇండికేటర్ వేస్తే దాని తాళానికే డ్యాష్‌బోర్డు లైటు కూడా ఊగుతుంది. బ్యాటరీ వేసి ఆరు నెలలే. మొన్న ఒక షాపులో చూపిస్తే ఆయన ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకాడు. ఇంజన్ వణికి ఆగిపోయింది. "డైనమో పోయింది, మార్చాలి, ఏడు వేలు" అన్నాడు. మార్చేయమంటారా?

ఆటోనగర్ 88
ఆగిపోయిందంటే డైనమో పనే బాబూ. ముప్పై ఏళ్ళుగా గాజువాక ఆటోనగర్‌లో ఇదే పని నాది. లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయుంటాయి, లేదంటే వోల్టేజి అదుపు చేసే కటౌట్ పోయుంటాది. మొత్తం మార్చడమెందుకు, విప్పి చూస్తే ఏడు వేలేటి, ఏడొందల్లో తేలిపోవచ్చు.

మీటరు మనిషి
మొదట ఒక మాట. అది డైనమో కాదు, ఆల్టర్నేటర్. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది. రెండో మాట, నడుస్తున్న బండికి టెర్మినల్ పీకినవాడి గుమ్మం మళ్ళీ తొక్కకండి. ఆల్టర్నేటర్ పంపే కరెంటులో ఎగుడుదిగుళ్ళని బ్యాటరీయే మింగుతుంది. అది తప్పుకున్న క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకి ఎగబాకుతుంది. డయోడ్లు పోవచ్చు, రెగ్యులేటర్ పోవచ్చు, మీ ఎంపీఎఫ్ఐ కంప్యూటరే పోవచ్చు. బాగున్నదాన్ని చంపి "పోయింది" అని చెప్పే పరీక్ష అది.

మూడొందల మల్టీమీటర్ చాలు. 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఇంజన్ ఆపి బ్యాటరీ మీద చూడండి, 12.6 దరిదాపుల్లో ఉంటే నిండుగా ఉన్నట్టు. తర్వాత ఇంజన్ నడిపి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మళ్ళీ బ్యాటరీ మీద ఒకసారి. ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బోల్టుకీ దాని బాడీకీ మధ్య ఒకసారి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే మంచిదే. రెండు చోట్లా తక్కువుంటే ఆల్టర్నేటరే. వెనక బాగుండి బ్యాటరీ దగ్గర తగ్గితే దారిలో ఏదో తినేస్తోంది.

కైలాసగిరి కింద
ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు చూశారా? లైట్లు వేయగానే కీచుమంటే బెల్టు లూజే.

ఉప్పుగాలి
మాది పెదవాల్తేరు. సముద్రం పక్కన పాత కారుంటే ముందు ఎర్త్‌నే, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారినే, అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ తీగ బాడీకి బిగించిన బోల్టు విప్పి చూడండి. పైకి స్పానర్ పెడితే బిగువుగానే ఉంటుంది. విప్పితే రింగు కింద పచ్చగా చిలుం, దాని కింద బాడీ రేకు తుప్పు. ఏటా వేసవిలో నేను ఎమరీ పేపరుతో రాగి మెరిసేదాకా గీకి, బిగించి, పైన వేజలైన్ రాస్తాను. మా ఆవిడ దాన్ని "కారుకి తలంటు" అంటుంది. మీ డ్యాష్‌బోర్డు లైటు ఇండికేటర్ తాళానికి ఊగుతోందంటే నా ఓటు ఎర్త్‌కే.

ఆటోనగర్ 88
మీటరు మనిషి గారూ, టెర్మినల్ పీకమని నేనన్నానేటి? ఎవరో పీకితే నా మీద పడిపోతారేటి? అంబాసిడర్‌కి పీకినాం, పద్మినికి పీకినాం, ఏదీ పోలేదు. వాటిలో కంప్యూటర్ ఎక్కడుంది! ఎంపీఎఫ్ఐ బళ్ళకి నేనూ పీకను.

మీ మీటర్ గొప్ప కూడా చెప్తాను వినండి. లోపల తీగలన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీ మీటర్ 12 అనే చూపిస్తాది. అదే చోట టెస్ట్ ల్యాంప్ పెట్టండి, వెలగదు. మీటర్ కరెంటు లాగదు, బల్బు లాగుతాది. ఈ సంగతి నాకు ఏ వీడియోలోనూ చెప్పలేదు, మా మేస్త్రి నెత్తిన మొట్టి చెప్పినాడు.

మీటరు మనిషి
అందుకేగా లైట్లు వేసి కొలవమన్నాను. పైన చదవండి. ఇంతకీ "ఆగిపోయిందంటే డైనమో పనే" అన్నది మీరే. అంటే ఆ పరీక్షని మీరు నమ్మినట్టే.

ఆటోనగర్ 88
నమ్మడం వేరు, చెయ్యడం వేరు.

మీటరు మనిషి
వేరు కాదు.

సీతమ్మధార
అమ్మేయండి బాబూ. పదిహేనేళ్ళు దాటిన బండికి ఇంత గోలా?

మర్రిపాలెం 800
2019లో ఆర్సీ అయిదేళ్ళకి రెన్యువల్ చేయించాను, 2024లో మళ్ళీ చేయించాను. అమ్మేది లేదండీ. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ రోజు, మా వీధిలో వేపచెట్టు విరిగి ఈ కారుకి జానెడు దూరంలో పడింది. అద్దం పగిలి లోపలంతా నీళ్ళు. కరెంటు లేని ఆ రోజుల్లో నాన్నగారు కార్పెట్ మేడ మీద ఆరబెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి లుంగీతో తుడవడం నాకింకా గుర్తు. అయినా ఫ్యూజు బాక్సులో రెండు కాళ్ళు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి.

మీటర్ కొన్నాను. రేపు కొలిచి పెడతాను.

మీటరు మనిషి
నేనింత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. అయిదేళ్ళ కింద అరకు నుంచి దిగుతుంటే అనంతగిరి ఘాట్‌లో నా బండికి లైట్లు పోయాయి. వెనక పిల్లలు. ముందు వెళ్ళే లారీ ఎర్రలైటు పట్టుకుని కిందికి దిగాం. మర్నాడు ఊళ్ళో ఒక షాపుకిస్తే ఇదే పరీక్ష, ఇదే తీర్పు. ఆల్టర్నేటర్‌కి 6,800 తీసుకున్నాడు. వారానికి మళ్ళీ అదే మినుకు. చివరికి చూస్తే గేర్‌బాక్సు నుంచి బాడీకి వచ్చే అల్లిక ఎర్త్ పట్టీ తుప్పు పట్టి సగం తెగింది. కొత్తది నూట యాభై. నా పాత ఆల్టర్నేటర్ బాగానే ఉందని తర్వాత ఇంకో చోట బెంచి మీద తేలింది. అప్పటి నుంచి మెకానిక్ మాట మీటర్‌తో రుజువైతే తప్ప నమ్మను. వీళ్ళకి పార్టులు మార్చడమే వచ్చు, లోపం పట్టడం రాదు.

ఆటోనగర్ 88
"వీళ్ళకి" అన్నారు కాబట్టి నాకు రోషం వచ్చీసింది, చెప్పీస్తాను.

పోయిన వర్షాకాలంలో ఒకాయన పాత జెన్ తెచ్చినాడు. గుంతలో పడితే వెనక లైట్లు పోతన్నాయి. పొద్దున్న తొమ్మిదికి మొదలెట్టినాను. సీటు తీసినాను, డోరు పక్క పట్టీలు తీసినాను, వైరింగ్ అంతా చేత్తో తడుముకుంటూ వెనక్కి పోయినాను. డిక్కీ మడత దగ్గర టేపు కింద ఒక తీగ. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగి బూడిదైపోయింది. దొరికీసరికి మధ్యాహ్నం రెండు. తిండి లేదు. జానెడు తీగ ముక్క వేసి, టంకం పెట్టి, టేపు చుట్టి అయిదొందలు అడిగినాను. ఆయనేటన్నాడో తెలుసా? "జానెడు తీగకి అయిదొందలా?" వంద చేతిలో పెట్టి ఎల్లిపోయినాడు.

అదే మనిషికి టెయిల్ లైటు సెట్టు మార్చీసి రెండు వేలు అడిగితే కిక్కురుమనకుండా ఇచ్చీవాడు. కొత్త డబ్బా కంటికి కనబడతాది కదా! నేను అయిదు గంటలు వెతికింది ఎవరికి కనబడతాది? మీకు పట్టీ నూట యాభై అని గుర్తుంది. దాన్ని కనిపెట్టినవాడికి ఎంతిచ్చారో రాయలేదు.

మీటరు మనిషి
అది నేనే కనిపెట్టాను. నాలుగు ఆదివారాలు పట్టింది.

ఆటోనగర్ 88
మరి నాలుగు ఆదివారాలకి కూలి ఎంత వేసుకున్నారు?

ఉప్పుగాలి
ఇప్పుడు అసలు సంగతికొచ్చారు. ఆటోనగర్ గారూ, చూసిన కూలి ఇంత అని మీ షాపు బోర్డు మీద రాయొచ్చుగా?

ఆటోనగర్ 88
రాసినాను. "వైరింగ్ చూడడానికి 300" అని. నెల రోజులు బళ్ళు పక్క షాపులో ఆగినాయి. అక్కడ చూడడం ఫ్రీ మరి. ఆ ఫ్రీ ఎలగ రాబట్టుకుంటాడో మీకు తెలుసు. చెరిపీసినాను.

సీతమ్మధార
పక్క షాపుకి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉంటాను బహుశా.

మీటరు మనిషి
మూడొందలు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇచ్చాక ఏం కొలిచారో కాగితం మీద రాసివ్వండి. డాక్టరు ఫీజు తీసుకుని చీటీ రాస్తాడా లేదా?

ఆటోనగర్ 88
డాక్టరు చీటీ మీరు చదవగలరేటి?

మర్రిపాలెం 800
అంకెలు వచ్చాయి. ఇంజన్ ఆపి బ్యాటరీ మీద 12.5. ఇంజన్ ఐడిల్‌లో, లైట్లూ బ్లోయరూ వేసి: ఆల్టర్నేటర్ దగ్గర 14.1, బ్యాటరీ మీద 13.1. ఒక్క వోల్టు ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

మీటరు మనిషి
ఇంజన్ అలాగే నడవనిచ్చి, లైట్లు వేసే ఉంచి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఆల్టర్నేటర్ బాడీ మీద పెట్టండి. 0.2 దాటకూడదు. తర్వాత పాజిటివ్ నుంచి ఆల్టర్నేటర్ వెనక బోల్టుకి.

మర్రిపాలెం 800
నెగటివ్ వైపు 0.8. పాజిటివ్ వైపు 0.2.

ఉప్పుగాలి
ఎర్త్! తలంటు పోయండి.

ఆటోనగర్ 88
14.1 ఇస్తందంటే డైనమో బాగానే ఉంది. నేను ముందన్నది తప్పు, ఒప్పుకుంటాను. ఆ రోజు ఇంజన్ ఆగిందంటే పీకినప్పుడు నిప్పురవ్వకి ఆగుంటాది, కంప్యూటర్ బతికిపోయింది, సంతోషం. బాబూ, నెగటివ్ తీగ రెండు కొసలూ విప్పు, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే పట్టీ కూడా విప్పు. పట్టీ ఒంచితే పోగులు రాలితే గీకడం దండగ, కొత్తది వెయ్యి.

మర్రిపాలెం 800
విప్పాను. పట్టీ ఒంచగానే పచ్చటి పొడి రాలింది, పోగులు చేతికొచ్చేశాయి. కొత్తది వేశాను. ఇప్పుడు నెగటివ్ వైపు 0.1. సిగ్నల్ దగ్గర మినుకు పోయింది, డ్యాష్‌బోర్డు ఊగడం పోయింది. కానీ గుంతలో పడ్డప్పుడు హెడ్‌లైట్లు రెండూ ఒకసారి ఆరి వెలుగుతున్నాయి. అరగంట నడిపాక స్టీరింగ్ కింద స్విచ్ చెయ్యి పెట్టలేనంత వేడి. ఒక సంగతి చెప్పడం మరిచాను, నాన్నగారు ఎప్పుడో 100/90 వాట్ల (హై బీమ్/లో బీమ్) బల్బులు వేయించారు.

మీటరు మనిషి
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది! కంపెనీ బల్బు 60/55. రిలే పెట్టారా?

మర్రిపాలెం 800
రిలే అంటే? లేదనుకుంటాను.

ఆటోనగర్ 88
రిలే అంటే బల్బుల కరెంటు చిన్న స్విచ్ మీద పడకుండా తన మీద వేసుకునే వేరే స్విచ్. అది లేకుండా ఆ బల్బులేటి బాబూ! హై బీమ్‌లో రెండింటికీ కలిపి పదహారు పదిహేడు ఆంపియర్లు ఆ చిన్న స్విచ్‌లోంచే పోతాయి. దాని ప్లగ్ ఊడదీసి చూడు, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమరంగులో కరిగి ఉంటాది. ఫ్యూజు పోతందని ఎవడైనా తీగ చుట్టి ఉంటే అది కూడా ఈ రోజే తీసీయ్. ఫ్యూజు పని చెయ్యకపోతే తగలబడడానికి డ్యాష్‌బోర్డే మిగులుతాది. 60/55 వేసుకుని ఆదివారం తీసుకురా. ప్లగ్ కాళ్ళు మార్చాలా, స్విచ్ మార్చాలా అన్నది విప్పితే గాని చెప్పను. చూసినందుకు మూడొందలు, ఏదీ మార్చకపోయినా.

మర్రిపాలెం 800
వస్తాను. మూడొందలు ఖాయం.

మీటరు మనిషి
స్విచ్ ప్లగ్ దగ్గర కూడా లైట్లు వేసే కొలవమనండి, ముందు బల్బులు మార్చకుండా ఒకసారి, మార్చాక ఒకసారి. అంకెలు ఇక్కడ పెట్టండి.

ఆటోనగర్ 88
పెడతాను. కాగితం మీద రాసే ఇస్తాను, నా చేతిరాత చదవడం మీ పని.