సెన్సర్ మార్చినా మళ్లీ మళ్లీ వెలుగుతున్న చెక్ ఇంజిన్ లైటు: మీ అనుభవాలు చెప్పండి

చక్రం:
మా కారులో చెక్ ఇంజిన్ లైటు కొంతకాలంగా వెలుగుతూ ఆరుతూ ఉంది. కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టిన ప్రతిసారీ పి0171 కోడే వస్తోంది. మొదటి బ్యాంకులో (ఇంజిన్ సిలిండర్ల మొదటి వరుసలో) మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగినంత ఇంధనం అందడం లేదని దాని అర్థమట. వర్క్‌షాపులో ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపేసి ఇచ్చారు. కొద్దిరోజులు బాగానే ఉండి, మళ్లీ అదే లైటు, అదే కోడ్. ఇప్పుడేమో ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చాలంటున్నారు. పికప్‌లో తేడా ఏమీ లేదు. బండి ఆగి ఉన్నప్పుడు మాత్రం ఇంజిన్ కాస్త వణుకుతోంది. ఇంకో సెన్సర్ కొనేముందు ఏమేం చూసుకోవాలో దయచేసి చెప్పండి.

పానా:
చక్రం గారూ, ఎయిర్ ఫ్లో సెన్సర్‌ను ఇప్పుడే కొనకండి. పి0171 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సర్ పాడైందని కాదు. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని ఆ సెన్సర్ చెబుతోందని, దాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ఇంధనాన్ని పెంచీ పెంచీ తన హద్దు దాకా వెళ్లిందని మాత్రమే అర్థం. నా అనుభవంలో ఈ కోడ్‌కు మార్చిన సెన్సర్లలో చాలావరకు నిక్షేపంగా పనిచేస్తున్నవే.

మీ స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే విభాగం ఉంటుంది. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, బండి వేగం, ఇంజిన్ మీద భారం ఎంతెంత ఉన్నాయో అందులో భద్రమై ఉంటాయి. కోడ్ చెరిపితే ఆ వివరాలు కూడా పోతాయి కాబట్టి, ముందు వాటిని రాసి పెట్టుకోవాలి. కోడ్ చెరిపేసి బండి చేతికిచ్చే చోట పోగొట్టుకునేది సరిగ్గా ఈ ఆధారాన్నే.

ఆ తరువాత ఇంజిన్ బాగా వేడెక్కాక షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంకెలను (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేవి) ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుని మరోసారి చూడండి. ఐడిల్‌లో రెండూ కలిపి 20 శాతం దాటి, ఆర్‌పీఎం పెంచగానే బాగా తగ్గిపోతే, థ్రాటిల్ (లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే కవాటం) తరువాత ఎక్కడో లెక్కలోకి రాని గాలి చొరబడుతోందని అనుమానించాలి. ఐడిల్‌లో లోపలికి వెళ్లే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా అక్కడ పెద్దగా కనబడుతుంది. అందుకు భిన్నంగా, భారం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతూ పోతే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, ఎయిర్ ఫ్లో సెన్సర్ వైపు చూడాలి.

నాలుగో గేరు:
నాది వేరే కోడ్‌తో మొదలైన కథ, కానీ ఇక్కడ పనికొస్తుంది. మా బండిలో థ్రాటిల్, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరిక) ప్రెషర్, ఏసీ ప్రెషర్ సెన్సర్ల కోడ్‌లు మూడూ ఒకేసారి వచ్చేవి. మూడు సెన్సర్లు ఒకే రోజు పాడవడం నమ్మశక్యంగా లేదని ఎలక్ట్రీషియన్ ఒకాయన మల్టీమీటర్ పెట్టి చూస్తే, వాటన్నిటికీ కంప్యూటర్ పంపే 5 వోల్టుల సరఫరా 1 వోల్టుకు పడిపోయి ఉంది. సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోతే ఏసీ ప్రెషర్ సెన్సర్ తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయి. లోపల షార్ట్ అయిన ఆ ఒక్క సెన్సరే మిగతా రెండింటినీ దోషులుగా చూపించింది.

అప్పటి నుంచి నేను కొత్త సెన్సర్ కొనేముందు కనెక్టర్ ఊడదీసి లోపలి పిన్నులను టార్చి వెలుతురులో చూస్తాను. పిన్ను మీద పచ్చటి చిలుము, వెనక్కి జారిపోయిన పిన్ను, ఎగ్జాస్ట్‌కు ఆనుకుని కరిగిన వైరు తొడుగు, ఇలాంటివి కళ్లకే కనబడతాయి. గ్రౌండ్ వైరు చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య వోల్టేజి కొలవాలి, 0.1 వోల్టు కన్నా బాగా ఎక్కువుంటే ఆ గ్రౌండ్ బాగులేదన్నమాట. కూలెంట్ సెన్సర్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంటే అది చలి కాదు, వైరు తెగిందో కనెక్టర్ ఊడిందో చూసుకోవాలి.

సైలెన్సర్:
పి0420, అంటే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్, వచ్చినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఖరీదైన వస్తువు. దాన్ని మార్చేముందు వెనుక ఆక్సిజన్ సెన్సర్ దగ్గర, అంతకన్నా ముందు ఉన్న ఎగ్జాస్ట్ అతుకుల దగ్గర లీకు ఉందేమో చూడండి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వచ్చినా సెన్సర్ లెక్క తప్పుతుంది. ఇంకొకటి: లైటు నిలకడగా కాకుండా మినుకు మినుకుమంటుంటే అది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) హెచ్చరిక. కాలని ఇంధనం కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది కాబట్టి ఆ స్థితిలో బండిని నడపవద్దు.

చక్రం:
పానా గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం సున్నా, కూలెంట్ 92 డిగ్రీలు ఉంది. ట్రిమ్‌లు రెండూ కలిపి ఐడిల్‌లో 24 శాతం, 2500 ఆర్‌పీఎం దగ్గర 6 శాతం.

పానా:
అయితే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఊసు ఇప్పటికి వదిలేయండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గాస్కెట్, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను మ్యానిఫోల్డ్‌లోకి పంపేది) చూడాలి. గాలి వెళ్లే దారిలోకి పొగ పంపి చూసే స్మోక్ టెస్ట్ చేయిస్తే లీకు ఉన్నచోట పొగ పైకి లేస్తుంది. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతికే పద్ధతిని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, మంటలు లేస్తాయి.

చక్రం:
పొగ పెట్టించాము. పీసీవీ గొట్టం మ్యానిఫోల్డ్‌లోకి వంగే చోట, అడుగువైపున సన్నని తీగలాగా పొగ వచ్చింది. పైనుంచి చూస్తే గొట్టం నల్లగా, నునుపుగా కొత్తదానిలాగే ఉంది. వేలు కిందికి పోనిచ్చి తడిమితే రబ్బరు నూనెకు ఉబ్బి మెత్తబడి, వంపులో గోరు దూరేంత చీలిక తగిలింది. చల్లగా ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటోంది. గొట్టం మార్చాక ఐడిల్‌లో ట్రిమ్ 3 శాతానికి వచ్చింది, వణుకు కూడా పోయింది. లైటు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. కోడ్ చెరిపేయమంటారా?

పానా:
చెరపకపోయినా ఫరవాలేదు. వరుసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (ఇంజిన్ స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) ఆ తప్పు మళ్లీ కనబడకపోతే లైటు దానంతట అదే ఆరిపోతుంది. చెరిపితే కాలుష్యాన్ని అదుపుచేసే భాగాలు బాగున్నాయో లేదో కంప్యూటర్ చేసుకునే రెడీనెస్ పరీక్షలన్నీ మొదటికి వస్తాయి. అవి పూర్తయ్యేలోపు, వాటిని కూడా చూసే కాలుష్య పరీక్షకు తీసుకువెళితే ఇబ్బంది పడవచ్చు. లైటు ఆరాక కూడా స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు (కనబడినా ఇంకా లైటు వెలిగించని తప్పులు) ఒకసారి చూడండి, ఎందుకంటే చాలా తప్పులు రెండో సైకిల్‌లో కూడా కనబడితేనే లైటు వెలుగుతుంది.