అప్‌డేట్: చీరల షాపు మెరూన్ రంగు దొరికింది

పోయిన వారం అడిగాను కదా, బెంగళూరు చిక్‌పేటలో ఒక చీరల షాపుకి వెబ్‌సైట్ చేస్తున్నా, వాళ్ల లోగోలోని మెరూన్‌కి కలర్ పికర్ (స్క్రీన్ మీది రంగుకి కోడ్ చూపించే టూల్) నొక్కిన ప్రతిసారీ వేరే కోడ్ వస్తోందని. తప్పు టూల్‌ది కాదు.

ఓనర్ గారు వాట్సాప్‌లో పంపింది జేపెగ్ ఫోటో. సైజు తగ్గించేటప్పుడు పిక్సెళ్ల రంగులు కొద్దికొద్దిగా మారిపోతాయి. పైగా నేను నొక్కింది అక్షరాల అంచు మీద; అక్కడ మెరూన్, తెలుపు కలిసిపోయి ఉంటాయి. పవర్‌టాయ్స్‌లో (ఆ కలర్ పికర్ ఉండే మైక్రోసాఫ్ట్ ఉచిత టూల్స్) విండోస్, షిఫ్ట్, సి కీలు కలిపి నొక్కి, మౌస్ చక్రం తిప్పి జూమ్ చేస్తే మెరూన్ నుంచి తెలుపు దాకా ఆ రంగుల మెట్లన్నీ కనిపించాయి. అక్షరం మధ్యలో నొక్కమన్న అన్నకి థాంక్స్. అలా చేస్తే చాలా దగ్గరికొచ్చింది, కోడ్‌లో ఎరుపు విలువ (0 నుంచి 255 దాకా ఉంటుంది) ఒకసారి 126, ఒకసారి 131.

చివరికి విజిటింగ్ కార్డులు ప్రింట్ చేసినతని దగ్గర లోగో ఎస్‌వీజీ ఫైల్ (బొమ్మని, రంగుల్ని అక్షరాల్లో రాసి ఉంచేది) దొరికింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపలే రాసి ఉంది: #800000, అంటే ఎరుపు 128, ఆకుపచ్చ, నీలం సున్నా. సీఎస్‌ఎస్‌లో (వెబ్ పేజీ రంగులు, రూపం రాసే కోడ్) ఉత్త maroon అని పేరు రాసినా వచ్చేది ఇదే! దీనికోసం రెండు రాత్రులు టెన్షన్ పడ్డా.

నైట్ లైట్ (రాత్రిపూట స్క్రీన్‌ని పసుపుగా మార్చే విండోస్ సెట్టింగ్) వల్లేమో అన్నారు ఒకరు. ఆపి చూశా, కోడ్ మారలేదు.

నిన్న ఓనర్ గారికి చూపించా. ఫోన్‌లో చూసి, "ఇంకొంచెం ముదురుగా ఉంటే బాగుండు" అన్నారు.