ఉద్దానం కిడ్నీ జబ్బుకు నూతి నీళ్లే కారణమా?

కవిటి కుర్రాడు:
మా నాన్న నలభై ఏళ్లు పెరటి నూతి నీళ్లే తాగారు. సుగర్ లేదు, బీపీ లేదు, కాళ్ల వాపులూ లేవు. ఆకలి పోయిందని చూపిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 8, ఒకటి దగ్గర ఉండాల్సింది. ఏడాదిన్నర డయాలసిస్, ఆ తర్వాత పోయారు. మా వీధిలోనే ఇలాంటివాళ్లు ముగ్గురు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఇదే గోడు. నీళ్లు కాకపోతే ఇంకేంటి?

నీటి ల్యాబ్:
నాన్నగారి సంగతి విని బాధేసింది తమ్ముడూ. కానీ నీళ్లలో ఏముందో చెప్పాలి కదా. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఫలానాదే అని ఇప్పటికీ తేలలేదు. నల్గొండలో ఎముకలు వంగే జబ్బుకు నీళ్లలోని ఫ్లోరైడ్ కారణమని తేలింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్కుంది. మీ నూతికి ఏ లెక్క చెబుతావు?

సోంపేట కోడలు:
మేం కాచి వడగట్టి తాగుతున్నాం. చాలదా?

నీటి ల్యాబ్:
చాలదమ్మా. కాచితే క్రిములు చస్తాయి. కరిగిన లవణాలు, లోహాలు పోవు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

కవిటి కుర్రాడు:
అంటే నీళ్లలో ఉందని మీరే ఒప్పుకున్నారు!

నీటి ల్యాబ్:
ఏ నీళ్లకైనా అంతే అన్నాను. ఒకే నూతి నీళ్లు తాగే ఇంట్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి ఎందుకు రాదు? నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే. అక్కడ ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిపోవడాన్ని అనుమానిస్తున్నారు. మన తోటపని వాళ్లూ దాహమైనా తాగరు, నొప్పులకు మాత్రలు మింగుతారు, అవీ కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

జీడితోట:
శ్రీలంక వరి రైతులకూ ఉంది. అక్కడ నూతి నీళ్లనే అనుమానించారు. అదీ రాయండి.

కవిటి కుర్రాడు:
మాత్రలు! ఆస్పత్రిలోనూ మొదటి మాట ఇదే. "ఎన్ని మింగావయ్యా" అని నలుగురిలో అడిగారు. నడుం నొప్పికి మాత్ర వేసుకోకపోతే మర్నాడు కొబ్బరి చెట్టు ఎక్కలేడు. ఎక్కకపోతే కూలి లేదు. పోయేదాకా తప్పు తనదే అనుకున్నాడు మా నాన్న. మీరు సాక్ష్యం అడగడం లేదు, నేరం మా మీద వేస్తున్నారు.

నీటి ల్యాబ్:
అలా వినిపిస్తే క్షమించు. నా భయం వేరు. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నది నీళ్లు తెచ్చే పథకం ప్రారంభమైంది. కావాల్సిందే. కానీ పలాస దగ్గర మా అమ్మ, కుళాయి వచ్చింది కదా అని రక్తపరీక్ష మానేసింది. మొన్న బలవంతాన తీసుకెళ్తే క్రియాటినిన్ 2.6. నీళ్లే అని తేల్చేస్తే వెతకడమూ ఆగుతుంది, పరీక్షలూ ఆగుతాయి.

సోంపేట కోడలు:
అయ్యో. మా అత్తా అదే అంటోంది.

కవిటి కుర్రాడు:
అమ్మగారిని జాగ్రత్తగా చూసుకోండి అన్నా. అయితే తేలేదాకా నూతి నీళ్లు తాగమంటారా?

నీటి ల్యాబ్:
తాగొద్దు. తాగమని ఎక్కడా అనలేదు.

కవిటి కుర్రాడు:
ఆ మాట మొదటే రాయాల్సింది. కుళాయి ఉన్నా మా అమ్మ టీకి ఇప్పటికీ ఆ నీళ్లే తోడుతుంది. నాన్న తన చేతులతో తవ్విన నుయ్యి, పూడ్చుదామంటే ఏడుస్తుంది. ఈ వారం అమ్మకు పరీక్ష చేయిస్తాను. నీళ్లే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.