వెధవాయిలా, వెధవాయలా? గిరీశం మాట మీద చిన్న సందేహం

తెరవెనక: కన్యాశుల్కం కుదించి రెండు గంటల నాటకంగా వేస్తున్నాం. గిరీశం వేషం కుర్రాడు ‘మనవాళ్లు వొట్టి వెధవాయిలోయ్’ అంటున్నాడు. ప్రాంప్టింగ్ చెప్పే పెద్దాయన ప్రతిసారీ ఆపి ‘వెధవాయలోయ్’ అని దిద్దుతున్నారు. నా బుర్రలో మాత్రం చిన్నప్పట్నుంచీ ‘ఉత్త వెధవాయిలోయ్’ అనే తిరుగుతోంది. రిహార్సలంతా ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతోంది. ఎవరైనా తేల్చండి.

చుట్టపొగ: ‘ఉత్త’ కాదు, ‘వొట్టి’. అందులో సందేహమే లేదు. ‘మనవాళ్లొట్టి’ అని కలిపి ఒక్క ఊపిరిలో అనాలి. విడగొడితే గిరీశం పోయి తెలుగు వాచకం మిగులుతుంది.

పాతపుస్తకాలు: తేల్చేముందు ఏ కూర్పు చూస్తున్నారో చెప్పండి. 1897 నాటి అయిదంకాలదా, 1909 నాటి ఏడంకాలదా? పరిశోధకుడు బంగోరె 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ అచ్చువేయించాక కూడా జనం రెండిటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. పైగా గురజాడ ‘మాట్లాడ్డవేఁ’ అని ముక్కుతో పలికించిన చోట మనం సాఫీగా ‘మాట్లాడ్డమే’ అని అచ్చేసుకుంటున్నాం. అలాంటి ప్రతులు ముందేసుకుని య, యి అని కొట్టుకుంటే ఏం లాభం?

తెరవెనక: మాది ఏడంకాలదే. కానీ ఎవరో స్పెల్లింగులు సరిదిద్దిన ప్రతి.

పాతపుస్తకాలు: అయితే ఇక చెప్పేదేముంది!

నాగావళి: నా మటుకు ‘యి’నే. అబ్బాయి, అమ్మాయి, పాపాయి, బుజ్జాయి, వెధవాయి. అన్నిట్లో ఉన్నది ఒకటే ‘ఆయి’, ముద్దు కోసం చేర్చేది. మా అమ్మమ్మ ‘ఒరే వెధవాయీ, అన్నానికి రా’ అనేది. తిట్టు అని మాకెప్పుడూ అనిపించలేదు. గిరీశం కూడా మనవాళ్లని విసుక్కుంటూనే కాస్త దువ్వుతున్నాడు. ఆ దువ్వడం ‘య’లో రాదు.

ఛందోబద్ధం: ముద్దు ప్రత్యయమనేది ఆకర్షణీయమైన ఊహే. కాకపోతే ఇది ‘వెధవకాయ’ ఎందుకు కాకూడదు? పిల్లకాయ, తలకాయ, గుండెకాయ లాగ. వాడుకలో ‘క’ జారిపోయి ‘వెధవాయ’ అయింది. మీ ప్రాంప్టరు గారిది మంచి చెవి.

నాగావళి: పిల్లకాయలో ‘క’ జారి ‘పిల్లాయ’ ఎందుకు కాలేదు మాస్టారూ?

ఛందోబద్ధం: ప్రతి మాటా ఒకే దారిన పోదు నాయనా.

చుట్టపొగ: రాయికి బహువచనం రాళ్లయినట్టు ఇది ‘వెధవాళ్లు’ కాలేదు, అందుకు సంతోషించండి.

మొల్లలూ మల్లెలూ: చివరి అక్షరం మీద ఇంత కుస్తీ పడుతున్నారు, మొదటి మూడక్షరాల సంగతి ఎవరికీ పట్టదా? వెధవ అంటే విధవే కదా. మొగుడు పోయిన ఆడదాని పేరు మగవాళ్ల తిట్టయి కూర్చుంది. ఆ మాటని నోట్లో ఆడిస్తున్నవాడు ఎవరు? వితంతు వివాహం మీద ఉపన్యాసాలు దంచి, అగ్నిహోత్రావధాన్లు విధవ కూతురు బుచ్చమ్మని లేవదీసుకుపోయినవాడు. గురజాడ ఈ మాటని ఊరికే వాడాడంటే నేనొప్పుకోను.

ఛందోబద్ధం: అమ్మా, వ్యుత్పత్తి వేరు, వాడుక వేరు. ‘వెధవ’ అనేవాడికి విధవ గుర్తొస్తుందా? మీ అబ్బాయిని విసుక్కున్నప్పుడు మీకు గుర్తొస్తుందా?

మొల్లలూ మల్లెలూ: నాకు రాకపోవచ్చు. బుచ్చమ్మ ఉన్న ఇంట్లో ఆ మాట రెండర్థాలతోనూ వినపడేదే. ‘వెధవాడపడుచు’ అని మా ఇళ్లలో కూడా అనేవాళ్లు, అది తిట్టూ కాదు, ముద్దూ కాదు. గిరీశం చదివే ‘ది విడో’ ఇంగ్లీషు పద్యం గుర్తుందా? తెల్లారగట్ల నాలుగింటికి లేచి, ఇల్లు ఊడ్చి, దుమ్మంతా తలుపు వెనక పోగేసే విధవ. వాడి నోట ఇంగ్లీషులో విడో, తెలుగులో వెధవాయి. రెండూ ఒకే నాటకంలో ఉన్నాయి.

చుట్టపొగ: ఆ పద్యంలో దుమ్ము తలుపు వెనక పోగేయడం దగ్గరే నేను పడిపోయాను. పూటకూళ్లమ్మ ఇల్లు కళ్లకు కట్టదూ? ఆవిడ సొమ్ము తీసుకెళ్లి సానిదాని మీద ఖర్చుపెట్టిన పెద్దమనిషి ఆ పద్యం చదవడం ఇంకా బాగుంది.

పాతపుస్తకాలు: దారి తప్పుతున్నాం గానీ, నాదీ ఒక దారి. మొదటి కూర్పుకి గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలో లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాని విజయనగరం మహారాజా వారు తయారుచేయిస్తే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదిరేదని రాశాడు. ఆ ముగ్గురూ మాటలొచ్చేలోపే వెధవలయ్యే ప్రమాదం ఉన్నవాళ్లు. కాబట్టి మొల్లల గారి పక్షాన నా ఓటు, ‘య’, ‘యి’ల సంగతి ఎలా ఉన్నా.

ఛందోబద్ధం: ఓట్లతో వ్యుత్పత్తి తేలదు.

నాగావళి: ముద్దు మాటేనని నేనింకా అంటాను. తిట్టాలనుకుంటే అగ్నిహోత్రావధాన్లు తిట్టినట్టు తిడతాడు. ‘తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి’ అన్నవాడి నోట్లో ‘ఆయి’ పట్టదు.

మొల్లలూ మల్లెలూ: ఆ తాంబూలాలు ఎవరివి నాగావళి గారూ? ఆయన చిన్నకూతురు సుబ్బివి. ఆ పిల్ల పెళ్లి గురించి ఇంట్లో అందరూ అరుస్తారు, తల్లి నూతిలో పడబోతుంది, మేనమామ శిష్యుడికి ఆడవేషం వేయించి నాటకమాడతాడు. పిల్లనెవరూ ఒక్క మాట అడగరు. ఆఖర్న సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపుతాననడమూ అంతే. నాటకం మొత్తం మీద తన సంగతి తాను తేల్చుకున్నది సాని మధురవాణి ఒక్కర్తే. ఆమెకా పెళ్లే లేదు.

చుట్టపొగ: 1955 సినిమాలో సావిత్రి మధురవాణి కదా. ఆ ముఖం చూశాక పుస్తకంలో మధురవాణి కూడా నాకు అలాగే కనపడుతుంది. గిరీశంగా రామారావుని మాత్రం నేనొప్పుకోను, మరీ అందగాడు.

తెరవెనక: అయ్యా, మా కుర్రాడు ఏమనాలి?

మొల్లలూ మల్లెలూ: సుబ్బి అంటే గుర్తొచ్చింది. నోరు లేని సుబ్బికి గురజాడ నోరిస్తే ఆయన గేయంలోని పూర్ణమ్మ అవుతుంది. ముసలాడికి కట్టబెట్టాక అన్నదమ్ములతో ‘నలుగురు కూర్చుని నవ్వే వేళల నా పేరొకపరి తలవండి’ అంటుంది. ఏడవమనలేదు, నవ్వేటప్పుడు తలవమంది. నాకు ముత్యాల సరాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క వాక్యం ఒక ఎత్తు.

చుట్టపొగ: ‘దుర్గను చేరెను పూర్ణమ్మ’ అన్న చోట మా తెలుగు మాస్టారు పుస్తకం మూసేసి కిటికీ దగ్గరికి వెళ్లేవారు. గంట కొట్టేదాకా పాఠం సాగేది కాదు.

ఛందోబద్ధం: ‘ఒకపరి’యా, ‘ఒకతరి’యా? నేను తరి అనే విన్నాను. తరి అంటే సమయం. ‘వేళల’ తర్వాత తరి అంటే చెవికి ఎంత ఇంపుగా ఉందో చూడండి.

పాతపుస్తకాలు: వేళ అన్నాక మళ్లీ తరి ఎందుకండీ, చెప్పిందే చెప్పడానికి? పరి అంటే సారి. ఒక్కసారి తలిస్తే చాలంటోంది పాపం. అడిగిందే అంత తక్కువ, దాన్ని కూడా మనం మార్చేస్తే ఎలా?

నాగావళి: మా ఊళ్లో ఇప్పటికీ ‘ఒకపాలి ఇటు రా’ అంటారు. పరి, పాలి ఒకటే అయుండాలి.

ఛందోబద్ధం: అలా ఎవరన్నారు? పాలు అంటే వంతు. వంతులోంచి పాలి వచ్చింది. పరి వేరే మాట.

నాగావళి: వంతుకీ సారికీ తేడా ఏముంది మాస్టారూ? ఆటలో ‘నా వంతు’ అంటే ‘నా సారి’ అనే కదా.

ఛందోబద్ధం: ఏ ఊళ్లో?

తెరవెనక: రేపు మళ్లీ రిహార్సల్ ఉంది.

చుట్టపొగ: నాగావళి గారూ, పాలి మీద విడిగా ఒక పోస్టు పెట్టండి. మా అత్తగారి వైపు ‘ఒక్కపాలే’ అంటారు, అది ఇంకో కథ.