టీనేజ్ హారర్ నవలకి నలుగురు కథకులు కావాలా? భయం పలచబడదా?

లంక మాస్టారు (అమలాపురం దగ్గర)

మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో పుస్తకాలు చదివిస్తుంటాను. ఈసారి వాళ్ళే ఒక ఇంగ్లీషు హారర్ నవల పట్టుకొచ్చారు. పేరు చెబితే మలుపు తెలిసిపోతుంది కాబట్టి చెప్పను. మంచు కురిసే ఊళ్ళో మూతపడ్డ హాస్టలు, అందులో చిక్కుకుపోయిన నలుగురు పిల్లలు. అధ్యాయానికొకరు కథ చెబుతారు. ఆఖర్న దెయ్యం కూడా ఒక అధ్యాయం చెబుతుంది.

పిల్లలకి తెగ నచ్చింది. నాకు నచ్చలేదు. భయమనేది ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకునేది. మెట్ల కింద చప్పుడు విన్న పిల్లతో పాటు నేనూ బిగుసుకుపోయి కూర్చుంటే, పేజీ తిప్పగానే ఇంకో కుర్రాడు వంటగదిలో బిస్కెట్లు వెతుక్కుంటూ కనిపిస్తాడు. అంతసేపూ కూడిన టెన్షనంతా ఆ బిస్కెట్ల పాలు! పైగా నలుగురి మాటా ఒకేలా ఉంటుంది. అధ్యాయం మీద పేరు తీసేస్తే మాట్లాడేది ఎవరో ఆ రచయితే చెప్పలేడేమో. ఈ వయసు పిల్లలకి ఒక్క గొంతుతో, ఊపిరి సలపనివ్వకుండా నడిపే కథే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

నరసాపురం లేసు

మాస్టారూ, ఒక్కరే చెప్పే కథలో పెద్ద చిక్కుంది. "ఆ రాత్రి నేను..." అని మొదలుపెట్టాడంటే చెప్పడానికి మనిషి మిగిలాడన్నమాటేగా. ఎన్ని తలుపులు కిర్రుమన్నా వాడికేం కాదని పాఠకుడికి లోపల ధైర్యమే. నలుగురు చెబుతుంటే ఆ ధైర్యం ఉండదు. ఎవరి అధ్యాయం ఎక్కడ తెగిపోతుందో తెలీదు.

ఇది కొత్త పద్ధతీ కాదు. 1897లో వచ్చిన ఇంగ్లీషు నవల డ్రాక్యులా మొత్తం డైరీలు, ఉత్తరాలు, పేపరు కత్తిరింపులే. మొదటి నాలుగు అధ్యాయాలు, రక్తం తాగే ఆ డ్రాక్యులా కోటలో ఇరుక్కున్న జోనథన్ డైరీ. సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట అది ఆగిపోతుంది. పేజీ తిప్పితే అతన్ని చేసుకోబోయే మీనా తన స్నేహితురాలికి మామూలు కబుర్లు రాసుకుంటూ ఉంటుంది. మీ లెక్కన అదీ బిస్కెట్ల అధ్యాయమే. కానీ అతను ఎక్కడ ఉన్నాడో మనకి తెలుసు, ఆవిడకి తెలీదు. ఆ కబుర్లు స్థిమితంగా చదవగలమా?

అందులోనే ఒక ఓడ కెప్టెన్ రాసుకున్న పుస్తకం ఉంటుంది. రోజుకింత రాస్తుంటాడు, ఓడలో మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. ఆ కెప్టెన్ మళ్ళీ ఎక్కడా మాట్లాడడు. నా మటుకు పుస్తకం మొత్తానికీ భయపెట్టేది ఆ కాసిని పేజీలే.

పూతరేకు

డ్రాక్యులా పిల్లల కోసం రాసింది కాదు కదండీ. మా వాడు ఇలాంటి నవలే మొదలెట్టి రెండో కథకుడు రాగానే పక్కన పడేశాడు. "ఇప్పుడే ఆ అమ్మాయికి అలవాటు పడ్డాను, మళ్ళీ కొత్తవాడా" అన్నాడు. మాస్టారి మాటే నా మాట.

ఏటిగట్టు (రాజోలు)

పుస్తకాల సంగతి నాకంతగా తెలీదు గానీ మా ఇంట్లో సంగతి చెబుతానండి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కథ మా ఇంట్లో ఇప్పటికీ వస్తుంటుంది. నాన్నకి అప్పుడు పదేళ్ళు. ఆయన చెబితే అదో సాహసం. చెల్లెలితో మంచం కింద దూరి కూర్చోవడం, పైన పెంకులు లేచిపోతుంటే ఇద్దరూ పోటీపడి లెక్కపెట్టడం, నానమ్మ అటుకులూ బెల్లమూ కలిపి నోట్లో పెట్టడం. వింటుంటే మనకీ సరదాగానే ఉంటుంది.

నానమ్మ చెబితే అదే రాత్రి వేరు. గేదెల పలుపులు విప్పి వస్తానని తాతయ్య చీకటి పడుతుండగా తోటలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. పిల్లలు అడిగితే "అరుగు మీదే ఉన్నాడు, గాలి తగ్గేదాకా తలుపు తియ్యొద్దన్నాడు" అని చెప్పింది. తోటలో కొబ్బరిచెట్లు ఫెళఫెళమని విరుగుతున్నాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా, పిల్లలు మళ్ళీ నాన్నేడీ అని అడక్కుండా ఇంకో గుప్పెడు అటుకులు నోట్లో కుక్కేదట. తెల్లారాక ఆయన ఒళ్ళంతా గీరుకుపోయి వచ్చాడు.

నానమ్మ వైపు కథ నేను పెద్దయ్యాకే విన్నాను. నాన్న కథలో అటుకులు వచ్చిన చోట ఇప్పుడు నాకు నవ్వు రాదు. ఆయన చెప్పే మాట ఒక్కటీ మారలేదు, ఆ అటుకులు ఎందుకో నాకు తెలిసింది, అంతే.

కాబట్టి రెండో మనిషి వస్తే మొదటి మనిషికి తెలీని ముక్క పట్టుకుని రావాలి. అవే మెట్లని ఇంకో పక్కనుంచి చూపించడానికైతే అక్కర్లేదు.

నరసాపురం లేసు

ఆయ్, ఇదండీ నేను చెప్పాలనుకున్నది.

లంక మాస్టారు

ఏటిగట్టు గారూ, బాగా చెప్పారు. కానీ మీ ఇంట్లో కథకులు ఇద్దరే, నలుగురు కాదు. పైగా మీ నానమ్మ మాటా మీ నాన్న మాటా ఒకటిగా ఉండవు. కళ్ళు మూసుకుని విన్నా తెలిసిపోతుంది. మా నవలలో నలుగురిదీ ఒకే వయసు, ఒకే బడి, ఒకే రకం వెటకారం. మన రచయితలెవరైనా ఇలాంటిది రాస్తే ఒక లంక ముసలమ్మనీ, రేవులో పంటు నడిపేవాణ్ణీ, కాకినాడ హాస్టల్లో చదివే కుర్రాణ్ణీ పెట్టుకోవచ్చు. అప్పుడు చదువుతాను.

టెన్త్ బెంచి

మాస్టారండీ, నేనూ ఆ గ్రంథాలయం బ్యాచే. మీరు లేనప్పుడు మేమొక పని చేశాం. అధ్యాయాల మీద పేర్లకి కాగితం ముక్కలు అంటించి, మధ్యలో ఎక్కడో తెరిచి ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు ఎవరో చెప్పాలి. ఇద్దర్ని వెంటనే పట్టేశాం. ఒకమ్మాయి ఏ మాటా పూర్తి చెయ్యదు. ఒకబ్బాయి గదిలోకి వెళ్తే ముందు కిటికీలు ఎన్నో చూస్తాడు. మిగతా ఇద్దరూ ఒకరే అనిపించారు, అక్కడ మీరన్నది కరెక్టే.

కానీ ఒకటి మర్చిపోయారు. ఆ కిటికీల అబ్బాయి, వెనక తలుపు గడియ తనే పెట్టానని చెబుతాడు కదా. రెండధ్యాయాల తర్వాత ఆ అమ్మాయి వెళ్ళేసరికి గడియ మీద దుమ్ము అలాగే ఉంటుంది. ఎవరూ ముట్టుకోలేదన్నమాట. అది చదవగానే మేం వెనక్కి వెళ్ళి వాడు చెప్పిందంతా మళ్ళీ చదివాం. వాడే బాగా నచ్చాడన్న మా ఫ్రెండు ఆ రోజంతా మాట్లాడలేదు. వాడొక్కడే కథ చెప్పుంటే ఆ అబద్ధం మాకెలా దొరికేది?

పూతరేకు

దుమ్ము సంగతి బాగుంది. మా వాడికి చెప్పి చూస్తాను.

నరసాపురం లేసు

1922లో అకుతాగవ రాసిన జపాను కథ ఒకటుంది. అడవిలో ఒక హత్య, తలా ఒక సాక్ష్యం. చివరికి చచ్చిపోయిన మనిషి కూడా ఆత్మలతో మాట్లాడించే ఆవిడ నోటి ద్వారా తన వైపు చెబుతాడు. పోనీ అక్కడైనా తేలుతుందేమో అనుకుంటాం. అతని మాటా మిగతావాళ్ళతో కలవదు. చనిపోయినవాళ్ళు కూడా నిజమే చెప్పాలని లేదు కదండీ. అందుకే దెయ్యం అధ్యాయం మీద నాకు అభ్యంతరం లేదు.

లంక మాస్టారు

అబద్ధాల పాయింటు ఒప్పుకుంటాను. గొంతులు వేరువేరుగా ఉంటే, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలీకపోతే నలుగురు చెప్పినా ఫరవాలేదు. దెయ్యం దగ్గర మాత్రం తగ్గను. లేసు గారు చెప్పిన డ్రాక్యులానే తీసుకోండి. అందులో అందరి డైరీలూ ఉన్నాయి, డ్రాక్యులా డైరీ లేదు. వాడి మనసులో ఏముందో ఆఖరి దాకా మనకి అందదు. 1818 నాటి ఫ్రాంకెన్‌స్టైన్‌లో రచయిత్రి, ఒక మనిషి తయారుచేసిన వికార ప్రాణికి నోరిచ్చింది. అది గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ మాటలు ఎలా నేర్చుకుందో, దగ్గరికి వెళ్తే ఎలా తరిమారో తనే చెబుతుంది. గొప్ప పుస్తకం, కాదనను. కానీ అక్కణ్ణుంచి నాకు జాలే గానీ భయం లేదు. మన నవలలోనూ అంతే. దెయ్యం తన గోడు చెప్పుకోగానే అది పొరుగింటి పిల్ల అయిపోయింది. చిన్నప్పుడు మా చేలగట్ల మీద కొరివి దెయ్యం కథలు విన్నాం. అది వచ్చి తన కష్టాలు చెప్పుంటే మేం రాత్రుళ్ళు హాయిగా నీళ్ళు కట్టడానికి వెళ్ళేవాళ్ళం!

ఏటిగట్టు (రాజోలు)

హ హ. ఆ మాట మాత్రం నిజమండి.

టెన్త్ బెంచి

మా బ్యాచ్‌లో ఎక్కువమంది మళ్ళీ మళ్ళీ చదివింది దెయ్యం అధ్యాయమే మాస్టారండీ. అది పొరుగింటి పిల్లలా మాట్లాడుతుందన్నారు కదా, నాకు భయమేసింది అందుకే. హాస్టల్లో తనని గదిలో పెట్టి తాళం వేసి సెలవులకి అందరూ వెళ్ళిపోయారని చెబుతున్నప్పుడు ఏడుపొచ్చింది. అదే పేజీలో, ఇప్పుడు ఈ నలుగుర్లో ఎవర్ని ఉంచేసుకుంటే తనకి తోడుంటుందా అని ఆలోచిస్తుంటుంది. ఆ రాత్రి నేను అమ్మ పక్కన పడుకున్నాను. జాలీ భయమూ రెండూ ఒకేసారి వేశాయి నాకు. మీకు ఒకటి వస్తే రెండోది ఎందుకు పోతోందండీ?