డింగిల్‌లో వారం రోజులు, వంట మనదే: కాటేజీ ఊళ్లో తీసుకోవాలా, ఊరి బయటా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉంటున్నాము. జూన్‌లో మా అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు; వారిని కెర్రీ కౌంటీలోని డింగిల్‌కు తీసుకెళ్లి ఒక వారం ఉండాలని అనుకుంటున్నాము. నాన్నగారు శాకాహారి, పైగా బయటి తిండి ఆయనకు రెండు పూటలకు మించి పడదు కనుక, హోటల్ ఆలోచన మానుకుని వంటిల్లు ఉన్న కాటేజీ వెతుకుతున్నాము. చివరికి రెండు తేలాయి. ఒకటి రేవుకు దగ్గర్లో, వీధిలోనే ఉన్న చిన్న ఇల్లు. రెండవది ఊరి బయట, సముద్రం వెంబడి సాగే స్లే హెడ్ దారిలో ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అద్దె కూడా తక్కువ. మా ఇంట్లో కారు నడిపేది నేనొక్కడినే, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏది తీసుకోమంటారు? ముందుగా ఏమేమి కనుక్కోవాలి?

మొదటి జవాబు:

ఊళ్లోదే తీసుకోండి. సముద్రం కనిపించే కిటికీ మొదటి రోజు ముచ్చటగానే ఉంటుంది. మూడో రోజు వాన పట్టుకుని, పెరుగు అయిపోయి, ప్రతి చిన్న పనికీ మీరే కారు తీయవలసి వచ్చినప్పుడు ఆ ముచ్చట కాస్తా తీరిపోతుంది. ఊళ్లో ఉంటే మీ నాన్నగారు పొద్దున్నే ఒక్కరే రేవు దాకా నడిచి, పడవలు చూసి, పాలు తీసుకుని వస్తారు.

స్లే హెడ్ చుట్టి రావడానికి సగం రోజు చాలు. దారి ఇరుకు కనుక, ఎదురుగా టూరిస్టు బస్సులు తగలకుండా అందరూ వెళ్లే సవ్యదిశలోనే వెళ్లండి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. తొందరగా భోంచేసి, బస్సులు వెళ్లిపోయాక బయలుదేరితే ఇంకా హాయి. గ్రేట్ బ్లాస్కెట్ దీవికి పడవలు ఉన్నాయి కానీ, పడవ ఎక్కే డన్ క్విన్ రేవుకు దిగే బాట మెలికలు తిరుగుతూ బాగా వాలుగా ఉంటుంది. మీ అమ్మగారి మోకాళ్లకు అది వద్దు. 1953లో ఆ దీవిని ఖాళీ చేసి వచ్చిన జనం కథంతా ఒడ్డునే ఉన్న బ్లాస్కెట్ సెంటర్‌లో, అద్దాల గోడ అవతల దీవిని చూస్తూ తెలుసుకోవచ్చు.

రెండవ జవాబు:

ఎక్కడ తీసుకున్నా, డబ్బు కట్టేముందు స్టవ్ ఏ రకమో ఇంటివారిని అడగండి. మేము వెళ్లిన కాటేజీలో ఇండక్షన్ ఉంది. మేము మోసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు దాని మీద చల్లగా కూర్చుంది. అయస్కాంతం అంటుకునే అడుగు ఉన్న స్టీలు కుక్కరైతేనే పనికొస్తుంది. మొదటి రోజు తాలింపులో ఆవాలు చిటపటలాడేలోపే పొగ అలారం మోగి, మా పిల్లలు వాకిట్లోకి పరుగెత్తారు. అలారం జోలికి పోకండి. ముందే కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి, ఆ తరువాత నూనె పెట్టండి.

వేడినీళ్ల సంగతి కూడా అడగండి. పాత ఇళ్లలో ఇమ్మర్షన్ (నీళ్ల ట్యాంకులోని కరెంటు హీటరు) స్విచ్ మీద సింక్, బాత్ అని రెండు గుర్తులు ఉంటాయి. సింక్ మీద ఉంచితే ట్యాంకులో పైభాగం మాత్రమే వేడెక్కుతుంది, నలుగురి స్నానాలకు చాలదు.

మూడవ జవాబు:

ప్రయాణం గురించి రెండు మాటలు. ఇంటివారి దగ్గర ఐర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్ లాంటిది) తప్పకుండా తీసుకోండి. పల్లెల్లో చాలా ఇళ్లకు నంబర్లు ఉండవు, 2015లో వచ్చిన ఈ కోడ్ మాత్రం ఏ ఇంటికి ఆ ఇంటికే విడిగా ఉంటుంది. అది ఐరిష్ మాట్లాడే ప్రాంతం కనుక, దారిలో బోర్డుల మీద డింగిల్ బదులు ఆన్ డైంగన్ అని కనిపిస్తే కంగారు పడకండి. ట్రలీ పట్టణం నుంచి కానర్ పాస్ అనే కొండదారి మీదుగా కాకుండా అనస్కాల్ మీదుగా ఎన్86 రోడ్డు పట్టుకోండి. కానర్ పాస్‌లో కొండ అంచున కొంత దూరం ఒక్క కారు పట్టేంత దారి ఉంటుంది. అంతదూరం నడపలేమనుకుంటే ట్రలీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు ఉన్నాయి.

మీ అమ్మగారికి ఇప్పుడే ఒక మాట చెప్పండి: ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు సామానులో పెట్టవద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. నెయ్యికేముంది, ఇక్కడి వెన్న కాస్తే ఘుమఘుమలాడుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఊళ్లోని ఇంటివారికి ఈ రోజే రాశాను. స్టవ్ ఇండక్షనేనట, కాబట్టి స్టీలు కుక్కరు కొనాలి. నెయ్యి సంగతి చెబితే అమ్మ మాత్రం ఇంకా నమ్మడం లేదు.